బావకు పెట్టిన గట్టి కామ

మా బావ కుడిచెయ్యి ఇప్పుడు భుజం దాటి పైకి లేవదు. తల దువ్వుకోవాలంటే చెయ్యి ఎత్తలేక తలనే కిందికి వంచుతాడు. చొక్కా వేసుకునేటప్పుడు మా అక్క వెనక నిలబడి చెయ్యి దూర్చాలి. వయసు మీద పడితే భుజాలు ఇలాగే అరుగుతాయని డాక్టరు అన్నాడు. డాక్టరుకు తెలియని సంగతి నాకు తెలుసు. ఆ భుజాన్ని పాడు చేసింది నేను బిగించి ఇచ్చిన గోల్ఫ్ కట్టె. నిజానికి కట్టెదేం తప్పు లేదు, తప్పంతా నా నోటిదే.

శ్రీరాంపూర్ పక్కన బొగ్గుబాయి ఊళ్లో గోల్ఫ్ ఆడతారంటే కరీంనగర్‌లో మా వాడకట్టు వాళ్లు ఇప్పటికీ నవ్వుతారు. కానీ అక్కడ ఆఫీసర్ల క్లబ్బు వెనక ఒక మైదానం ఉంది. తొమ్మిది గుంతలు. టీవీలో కనిపించే పచ్చిక గుంతల చుట్టూ ఉండదు. ఇసుకలో కాలిన ఇంజినాయిలు కలిపి, నల్లగా చదును చేసి ఉంచుతారు. ఎండాకాలం బంతి పడితే దుమ్ము లేస్తుంది, వానాకాలం పడితే బంతే దొరకదు. మా బావ బాయి పనికి ఎక్కకముందు రెండేళ్లు ఆ మైదానంలో గడ్డి కోశాడు. కోస్తూ కోస్తూ దొరలు కొట్టేది చూసి నేర్చుకున్నాడు. తర్వాత ముప్ఫై ఏళ్లకు పైగా భూమి కింద పనిచేసినా ఆ పిచ్చి వదల్లేదు. మొదటి షిఫ్టు అయితే సాయంత్రం, రెండో షిఫ్టు అయితే పొద్దున అక్కడికి పోయి, ఎవరైనా ఆఫీసరు దయతలచి ఇచ్చిన కట్టెతో నాలుగు బంతులు కొట్టి వచ్చేవాడు.

రిటైరయ్యాక ఆ మైదానమే ఆయన లోకం. రిటైరైన ఆఫీసర్లు ముగ్గురు రోజూ పొద్దున్నే వచ్చేవాళ్లు, నాలుగోవాడు మా బావ. చదువులో, హోదాలో, ఉండిన క్వార్టర్‌లో ఆయన వాళ్లకు సాటి కాడు. ఒక్క మొదటి దెబ్బలో మాత్రం వాళ్లెవరూ ఆయనకు సాటి కారు. డ్రైవర్ అని పిలిచే పొడుగాటి కట్టెతో కొట్టే ఆ దెబ్బను అందరికంటే ముందు ఆయనే కొట్టాలని పట్టుబట్టేవాళ్లు. "నువ్వు కొట్టవయ్యా, తర్వాత మేం సిగ్గుపడతాం" అనేవాళ్లు. ఆ ఒక్క మాట వినడానికే చీకటితో లేచి తయారయ్యేవాడని అక్క అంటుంది.

మాది పెద్దపల్లి దగ్గర ఊరు, వడ్రంగం చేసే వడ్లోళ్లం. మా బాపు నాగళ్లు, తలుపులు ఎన్ని చేసినా ఆయనకు పేరు తెచ్చినవి కామలు. గొడ్డలికి, పారకు, సుత్తెకు పెట్టే కర్రను మా వైపు కామ అంటారు. ఎవరన్నా వచ్చి కామ కావాలంటే బాపు వెంటనే చెక్కేవాడు కాదు. పాత గొడ్డలి చేతికిచ్చి, వాకిట్లో ఉన్న మొద్దు మీద నాలుగు దెబ్బలు కొట్టమనేవాడు. మొద్దును చూసేవాడు కాదు, మనిషిని చూసేవాడు. ఎక్కడ పట్టుకున్నాడు, ఊపు ఎక్కడ అందుకున్నాడు, దించేటప్పుడు మణికట్టు ఎప్పుడు తిరిగింది, అన్నీ చూసి అప్పుడు బాడిశ అందుకునేవాడు. నిరుటి కంటే బలం తగ్గిన పెద్దమనిషి వస్తే కామను జరంత సన్నగా తీసి చేతికిచ్చి, "ఎప్పటిదే" అనేవాడు. సన్నగా తీశానని బాపు ఎవరికైనా చెప్పగా నేను ఒక్కసారి కూడా వినలేదు.

ఈ విద్యే నన్ను ఎడారిలో బతికించింది. తలుపుల పనికని గల్ఫ్‌కు పోయినవాణ్ణి, ఏడాది తిరిగేసరికి ఒక గోల్ఫ్ మైదానం వర్క్‌షాపులో తేలాను. ఆట ఆడేవాళ్ల కట్టెలకు పట్టు మార్చడం, విరిగిన కామ తీసి కొత్తది పెట్టడం నా పని. పద్నాలుగేళ్లు అదే చేశాను. అక్కడివాళ్లు దాన్ని షాఫ్ట్ అంటారు, నాకు మాత్రం చివరిదాకా అది కామే.

అక్కడ నేర్చుకున్నదంతా చెబితే ఒక పూట పడుతుంది. క్లుప్తంగా చెప్పాలంటే డ్రైవర్‌కు తల ఒకటి, కామ ఒకటి. తల ముఖం ఎంత వెనక్కి వాలి ఉంటే బంతి అంత పైకి లేస్తుంది. మెల్లగా ఊపేవాడికి పదిన్నర, పన్నెండు డిగ్రీల వాలు కావాలి. తొమ్మిది డిగ్రీలది ఇస్తే బంతి నేల పట్టుకుని పోతుంది. ఇక కామ అనేది నల్లటి కార్బన్ గొట్టం. చూడటానికి అన్నీ ఒకటే, వంగడంలోనే తేడా. ఆ తేడాను ఒక్క అక్షరంతో దాని మీద రాస్తారు. ఎస్ అంటే గట్టిది, ఆర్ అంటే నడిమిది, ఏ అంటే మెత్తది. చేతులు జోరుగా దిగేవాడికి గట్టిది కావాలి, లేకపోతే బంతి ఎడమకు గుంజుకుపోతుంది. మెల్లగా దిగేవాడికి మెత్తది కావాలి. అది వంగి, బంతి దగ్గరికి వచ్చేసరికి తానే విదిలించుకుని దెబ్బకు సాయం చేస్తుంది. మెల్లటి చేతికి గట్టి కామ ఇస్తే ఆ సాయం ఉండదు. బంతి కిందికి, కుడికి పోతుంది, దూరం పంపుదామని ఇంకా బలం పెడితే అదురంతా తిరిగి భుజానికి వస్తుంది.

నాకు పని నేర్పిన కేరళ మేస్త్రీ ఇంకో కిటుకు కూడా చెప్పాడు. హోదా ఉన్నవాళ్లు, మొగతనం ఎక్కువున్నవాళ్లు మెత్తది పెట్టుకోమంటే మొహం మాడ్చుకుంటారు. అలాంటివాళ్లకు ఆయన మెత్తటి కామే పెట్టి, అక్షరం కిందివైపుకు వచ్చేట్టు తిప్పి అతికించేవాడు. పైనుంచి చూసేవాడికి నల్లటి గొట్టమే కనిపిస్తుంది. వాళ్లు రెండు బంతులు కొట్టి, అవి ఆకాశంలో పోతుంటే మురిసిపోయి వెళ్లేవాళ్లు. ఈ మేస్త్రీ మా బాపుకు తమ్ముడై పుట్టాల్సినవాడు అనుకున్నాను అప్పుడు. ఒకే పాఠాన్ని ఇద్దరు పెద్దవాళ్ల దగ్గర నేర్చుకున్నవాణ్ణి నేను.

గల్ఫ్ వదిలి పూర్తిగా వచ్చేసేటప్పుడు బావ కోసం పదిన్నర డిగ్రీల తల ఒకటి, మూడు రకాల కామలు, అంటించే జిగురు తెచ్చాను. అరవై రెండేళ్ల వయసులో ఆయనకు అదే మొదటి సొంత కట్టె. ఫోన్‌లో చెప్పిన రోజు నుంచీ ఎప్పుడొస్తావని రోజూ అడిగాడు.

మా ఇద్దరి సంగతి ఇక్కడ చెప్పాలి. ఎక్కిరించుకోకుండా మేం మాట్లాడుకున్నది చాలా తక్కువ. బావా బామ్మర్దుల వరస అదే కదా. మొదటిసారి సెలవులో నేను ఎండి వస్తే, మంచిర్యాల బస్టాండులో నలుగురూ వినేట్టు, "ఒంటెలు గాసి గాసి నువ్వు గూడ ఒంటె లెక్కనే అయినవ్ గదరా" అన్నాడు. నా పెళ్లిలో నా మీసాన్ని పట్టుకుని అన్న మాట మా అత్తగారింట్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. నేనూ తక్కువ తినలేదు. ఆయన బట్టతల మీద, గురక మీద నేను వేసిన మాటలు అక్కకు కంఠస్థం.

వచ్చిన వారానికి నన్ను మైదానానికి తీసుకుపోయాడు. ఒక ఆఫీసరు దగ్గర నడిమి రకం కామ ఉన్న డ్రైవర్ తీసుకుని, "నాలుగు కొట్టు బావా, చూస్త" అన్నాను. కొట్టాడు. నేను బాపు లాగే బంతిని చూడలేదు, మనిషిని చూశాను. ఎత్తడంలో అందం ఎక్కడికీ పోలేదు. దించడమే నెమ్మదించింది. పైన ఒక్క క్షణం ఆగి, భుజాన్ని బతిమాలి దించుతున్నట్టు దించుతున్నాడు. నాలుగు బంతుల్లో మూడు కుడికి జారాయి. నడిమిదే ఆయన చేతికి ఎక్కువవుతోంది. ఇంటికి పోయి మెత్తది పెట్టి, అక్షరం కిందికి తిప్పి, "ఎప్పటిదే" అంటే సరిపోయేది.

పక్కన ముగ్గురు ఆఫీసర్లు నిలబడి ఉన్నారు. వినేవాళ్లు దొరికితే నా నోరు ఊరుకోదు.

"బావా, నీకు ముసలోళ్ల కామ వెట్టాలె. లేకుంటె నీ బంతి మల్ల గీ మైదానం దాటది" అన్నాను.

ఆఫీసర్లు పగలబడి నవ్వారు. ఒకాయన, "హమ్మయ్య, ఇన్నేళ్లకు మా దారికొచ్చాడు" అన్నాడు. బావ కూడా నవ్వాడు. కానీ నన్ను తిరిగి ఒక్క మాట అనలేదు. మాకు మాట బాకీ ఉంచుకోవడం తెలియదు, ఆయన మాట తిప్పికొట్టలేదంటేనే నాకు అర్థం కావాల్సింది. కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేమని ఊరికే అనలేదు పెద్దలు.

ఇంటికి వచ్చే దారిలో స్కూటర్ నడుపుతూ, వెనక్కి తిరక్కుండా, "గట్టిదే వెట్టు రా. బొగ్గు కొట్టిన చెయ్యి గిది" అన్నాడు.

నేను గట్టిదే పెట్టాను. అక్క వాళ్ల అరుగు మీద కూర్చుని, కామ చివర గీకి, జిగురు రాసి, ఎస్ అక్షరం పైకి కనిపించేట్టు తిప్పి అతికించాను. తెలిసి తెలిసి ఎందుకు పెట్టావని ఎన్నిసార్లు నన్ను నేను ప్రశ్నించుకున్నానో. రెండు రోజులు కొట్టి, బంతి పోక, మార్చమని నా దగ్గరికే వస్తాడు, అప్పుడు ఇంకోసారి నవ్వుకోవచ్చు అనుకున్నాను. ఇంతకంటే మంచి కారణం నా దగ్గర లేదు. ఉంటే బాగుండేది.

బావ రాలేదు. కుడికి పోతున్న బంతిని బలంతో నిలబెట్టాలని చూశాడు. ఆఫీసర్లు వచ్చేలోపే పోయి ఒక్కడే కొట్టేవాడట. నెల తర్వాత అక్క ఫోన్ చేసి, "గీయన రోజు భుజానికి మందు రాసుకుంటుండు, ఏమన్నంటే ఏం లే అంటడు. నువ్వన్న జర చెప్పు" అంది. నేను నవ్వుతూ, "అమృతాంజనం కంపెనీకి మా బావే దిక్కు" అన్నాను. అక్క నవ్వలేదు. ఆ వెంటనే బస్సెక్కి వెళ్లి కామ మార్చి ఉంటే సరిపోయేది. నాకు పరేషాన్ అనిపించలేదు మరి, ఏం చెప్పను.

ఆ తర్వాత పది రోజులకు, ముగ్గురు ఆఫీసర్ల ముందు, మొదటి దెబ్బ కొట్టబోయి కట్టె వదిలేసి నేల మీద కూర్చుండిపోయాడు. భుజంలో నరం తెగిందన్నారు. కరీంనగర్‌లోనే ఆపరేషన్ అయింది. మా ఇంట్లోనే నెలన్నర ఉన్నాడు. రోజూ ఆయన చేతికి కసరత్తు చేయిస్తూ, ఒక్కసారైనా నన్ను తిట్టకపోతాడా అని చూశాను. "నీ తప్పేం లే" అని కూడా అనలేదు, అది నయం.

ఏడాది తర్వాత ఆ డ్రైవర్‌ను తెచ్చుకుని, గట్టి కామ వేడి చేసి ఊడదీశాను. మెత్తది పెట్టాను. అక్షరం కిందికి తిప్పాను. తీసుకుని శ్రీరాంపూర్ పోయాను. బావ ఇప్పటికీ పొద్దున్నే మైదానానికి వస్తాడు, సిమెంటు బెంచీ మీద కూర్చుని మిగతావాళ్లు కొట్టేది చూస్తాడు. ఆ రోజు వాళ్లింకా రాలేదు. కట్టె ఆయన చేతికిచ్చాను. ఎడమచేత్తో పట్టుకుని రెండుసార్లు మెల్లగా ఆడించాడు.

నేను, "ఎప్పటిదే బావా" అన్నాను.

కట్టెను ఒళ్లో పెట్టుకున్నాడు. తర్వాత అన్నాడు: "నా మణికట్టు ఇరిగిన యేడు మీ బాపు నా గొడ్డలికి కామ వెట్టిచ్చిండు. చేతుల వట్టంగనే ఎరుకైంది, సన్నగ తీసిండని. ఎప్పటిదే అన్నడు మీ బాపు. నేను గూడ, ఎప్పటిదే అన్న." కామ పొడుగునా వేలితో నిమిరాడు. "నువ్వు గూడ గట్లనే ఇస్తే తీస్కుంటుంటి గదరా."

నాకు ఏడుపొచ్చింది. ఆయన చూడకుండా పక్కకు తిరిగాను.

"సరే గని, నువ్వొకటి కొట్టు" అని కట్టె నా చేతిలో పెట్టాడు. ఎందరికో కామలు పెట్టినవాణ్ణే గానీ నేను ఎన్నడూ ఆడలేదు. గల్ఫ్‌లో పనివాళ్లు మైదానంలో అడుగుపెట్టి ఆడే వీల్లేదు. బంతి పెట్టి, చూసి నేర్చుకున్నదంతా తలుచుకుని ఊపాను. మొదటిసారి బంతి కదల్లేదు, దుమ్ము లేచింది. రెండోసారి పది అడుగులు దొర్లి ఆగిపోయింది. ఇంకెవరి ముందయినా సిగ్గుపడేవాణ్ణి. బావ ముందు కాబట్టి ఆశపడ్డాను. వడ్లోని చేతికి ఇది దక్కుతుందా అంటాడని, ఒంటె అంటాడని, ఏదో ఒకటి అంటాడని వెనక్కి తిరక్కుండా ఆ బంతినే చూస్తూ నిలబడ్డాను.

బావ బెంచీ మీది నుంచి లేచి, ఎడమచేత్తో లుంగీ దులుపుకుని, "మంచిగనే కొట్టినవ్" అన్నాడు.