దుప్పి దిగే దారి

యర్రగొండపాలెం దాటి అడవిలోకి పోతుంటే ఒక కుంట వస్తుంది. నా చిన్నప్పుడు నాయన గొర్రెలను, మేకలను నీళ్లకు అక్కడికే తోలేవాడు. నాకు పిల్లలు పుట్టేనాటికి కుంట పూడిపోయి, దాన్నిండా సర్కారు తుమ్మ కమ్ముకుంది. ఎండాకాలంలో దుప్పులు నీళ్లు వెతుక్కుంటూ మా పొలాల దాకా వచ్చి కుక్కల నోట పడేవి.

కుంట బాగుచేయడానికి కూలీలు కావాలని ఫారెస్టు వాళ్లు అడిగినప్పుడు మా ఊరి ఆడవాళ్లం కొందరం కదిలాం. తుమ్మను పైపైన నరికితే మళ్లీ చిగురిస్తుంది. వేరుదాకా తవ్వి పెకలించాలి. ఒక ముల్లు నా మడమలో విరిగి చీము పట్టింది. మార్కాపురం ఆసుపత్రిలో కోయించుకుని, కట్టు విప్పకముందే పనిలోకి దిగాను. నాయనకు కోపం వచ్చింది.

“మేకలు తినేది ఆ తుమ్మకాయలే గదమ్మా! అది పీకేస్తే మందను యాడికి తోలాల?”

“గడ్డి మొలుస్తాది నాయనా.”

“మొలిచినా ఫారెస్టోళ్లు మనల్ని రానిస్తారా?”

అయినా పోయాను.

పని మొదలైన మూడో ఎండాకాలం కాంట్రాక్టరు పొక్లెయినుతో దిగాడు. కుంటను లోతుగా తవ్వి, చుట్టూ నిట్టనిలువుగా రాతికట్టు కడతాడట. వినగానే నా ఒళ్లు మండింది. అంతకుముందు ఏడాది, అడవిలో కట్టిన నిలువు గోడల నీటితొట్టిలో పడి చచ్చిన దుప్పిపిల్లను బయటికి లాగింది నేనే. గోడను గీరి గీరి దాని ముందు గిట్టలు అరిగిపోయి ఉన్నాయి.

“గట్టు ఇట్ల నిలువుగా కోస్తే దుప్పి ఎట్ల దిగుతాది? ఎట్ల ఎక్కుతాది?” అని కాంట్రాక్టరును అడిగాను.

“ప్లాన్‌లో అట్లనే ఉండాది. కూలికి వచ్చినావు, పని చూసుకో.”

అప్పటికే తూర్పు గట్టు కోసేశారు. నేను పోయి పొక్లెయిను బకెట్టు ముందు బురదలో కూర్చున్నాను. నా వెనకే మిగతా ఆడవాళ్లూ కూర్చున్నారు. డ్రైవరు ఇంజను ఆపి దిగివచ్చాడు.

“లే అక్కా, నా ఉద్యోగం పోతాది.”

“నీ మీద కోపం లేదు తమ్ముడా. మా సద్దిలో ఇంత తిందువు, రా.”

అతను వచ్చి తిన్నాడు. కాంట్రాక్టరు మాత్రం ఫోనులో అరుస్తూనే ఉన్నాడు. మధ్యాహ్నానికి ఫారెస్టు ఆఫీసరు జీపులో వచ్చాడు.

“ఏం చదివినావు నువ్వు, ప్లాన్ తప్పంటున్నావు?”

“ఐదో తరగతి సార్. దుప్పి అదీ చదవలేదు. దానికి దిగే దారి కావాల.”

సంగతి ఊళ్లో పాకినట్టుంది, నాయన కర్ర పట్టుకుని వచ్చాడు. నన్ను తిడతాడనుకున్నాను. నా వైపు చూడకుండా నేరుగా కుంటలోకి నడిచాడు.

“ఇదిగో సార్, ఈ వాలు మీద మోకాటిలోతు నీళ్లుండేటియి. తుంగ ఈడనే మొలిచేది. నీటికోళ్లు గుడ్లు పెట్టేది ఆ తుంగలోనే. నిలువుగా కోస్తే తుంగా ఉండదు, పిట్టా ఉండదు.”

ఆఫీసరు చాలాసేపు అటూ ఇటూ తిరిగాడు. చివరికి మూడు వైపులా గట్టు వాలుగా ఉండేట్టు సున్నం గీత గీయించాడు. తూర్పున మాత్రం కోసింది కోసినట్టే ఉంచి రాయి కట్టేశారు. మరుసటి వారం కూలీల హాజరు పట్టీలో నా పేరు లేదు. పేరు లేకపోతే చేతులు లేకుండా పోతాయా? వానలకు ముందు తుంగగడ్డలు తెచ్చి నాటిన వాళ్లలో నేనూ ఉన్నాను.

ఆ ఏడు కుంట నిండింది, తుంగ లేచింది. తెల్లారి పోతే వాలు మీద బురదలో దుప్పుల అడుగులు కనిపించేవి. మా మందను మాత్రం ఇప్పటికీ అటు రానివ్వరు. ఆ కొట్లాట ఇంకా మిగిలే ఉంది.

మొన్న ఎండాకాలం నీళ్లు తగ్గగానే మేమంతా గంపలతో మట్టి మోసి తూర్పు రాతిగోడకు వాలు పోయసాగాం. గార్డు వచ్చి, “పర్మిషన్ ఉందామ్మా?” అన్నాడు.

“లేదు” అని చెప్పి, ఇంకో గంప ఎత్తుకున్నాను.