గంగే నాలుక ఎరగని నీళ్లు

మరైగూడ చుట్టుపక్కల ఏ పల్లెలో బోరింగు మొరాయించినా కబురు గంగేకే వస్తుంది. పదిహేడేళ్లుగా ఆమె చేస్తున్న పని అదే. మొదట్లో ఎవరూ ఆమెకు నేర్పలేదు. ఇంటి ముందు బోరింగు ఏడు నెలలు పాడై పడి ఉంటే, చివరికి కోంట నుంచి ఒక మెకానిక్ వచ్చి విప్పాడు. గంగే పక్కన నిలబడి చూసింది. రెండు నెలలకు మళ్లీ చెడిపోయింది. ఈసారి ఆమె ఎవరినీ పిలవలేదు. మొగుడు లక్మాను గొలుసు పట్టుకోమని తనే పైపులు పైకి లాగింది. లోపల తోలు వాచరు అరిగిపోయి ఉంది. లక్మా పాత తోలు చెప్పును గుండ్రంగా కోసి అందులో పెట్టింది. నీళ్లు వచ్చాయి. ఆ చెప్పుతో ఆ బోరింగు మూడేళ్లు నడిచింది.

ఆ సంగతి తెలిసి బ్లాకు ఆఫీసువాళ్లు ఆమెను ట్రైనింగుకు పంపారు. ఆ రాష్ట్రంలో సర్కారు భాష హిందీ కాబట్టి అక్కడ అంతా హిందీలోనే. గంగే ఇంట్లో మాట్లాడేది దోర్లీ, సంతలో మాట్లాడేది తెలుగు. హిందీ ఆమెకు సామాన్ల పేర్లతో పాటే వచ్చింది. పానా ఏదో, వాల్వు ఏదో తెలిశాక మిగతా మాటలు వాటి వెనకే వచ్చి చేరాయి.

అయితే జనం ఆమె గురించి చెప్పుకునేది చేతుల గురించి కాదు, నాలుక గురించి. బాగు చేసిన ప్రతి బోరింగు దగ్గరా మొదటి దోసిలి ఆమే తాగుతుంది. ఒక పెళ్లిలో కళ్లకు తువ్వాలు కట్టి, అయిదు ఊళ్ల నీళ్లు అయిదు గ్లాసుల్లో ఇస్తే, ఒక్కో గుటకకు ఒక్కో ఊరి పేరు చెప్పింది. పప్పు ఉడకడానికి ఏ నీళ్లు, గంజికి ఏ నీళ్లు అని ఆడవాళ్లు ఆమెనే అడుగుతారు.

సబ్బులు చేస్తామంటూ సోమి వచ్చినప్పుడు అడిగింది కూడా అదే. సోమి లక్మా చెల్లెలు, పదకొండు మంది ఆడవాళ్ల సంఘానికి పెద్ద. అడవిలో ఏరిన ఇప్పగింజల్ని ఊళ్లోనే కేసా మిల్లులో ఆడించి, ఆ నూనెతో సబ్బు చేయడం వాళ్ల ఆలోచన. కిరందుల్ కాలనీలో ఉండే రామతులసి అనే ఆవిడ ఆగస్టు నెలలో వచ్చి వారం రోజులు నేర్పి వెళ్లింది. ఆవిడ భర్త గనిలో ఉద్యోగి. విజయనగరం వైపు వాళ్లు. తన ఇంటి సబ్బు తనే చేసుకునే మనిషి.

"వదినె, మేడం మంచి నీళ్లతోనే చెయ్యాలె అన్నది. ఏ నీళ్లు తీసుకోవాలె?" అని సోమి అడిగితే, గంగే తడుముకోకుండా చెప్పింది.

"మీ షెడ్డు పక్కన బోరింగు ఉండె గదా. అంత రుచిగల నీళ్లు ఈ పక్కన యాడ లేవు. అవే పొయ్యండి."

ఆమె చెప్పాక ఇక ఎవరూ రెండో మాట అనలేదు.

ఆగస్టులో రామతులసి దగ్గరుండి చేయించిన సబ్బులు వెన్న ముద్దల్లా వచ్చాయి. ఆ తర్వాత వాళ్లంతట వాళ్లు చేసినవి మాత్రం ఒక్క విడతా నిలవలేదు. కోసినప్పుడు బాగానే ఉండేవి. నెల తిరిగేసరికి పైన నారింజ రంగు మచ్చలు, పాత నూనె కంపు. రుద్దితే నురగ రాదు, చేతికి జిగట అంటుకుంటుంది. జగదల్‌పూర్ సంతకు పంపిన రెండు పెట్టెలూ తిరిగొచ్చాయి. నూనె మీదే అందరికీ అనుమానం. కేసా ఏదో కలుపుతున్నాడన్నారు. చలికాలం మొత్తం ఆయన మిల్లు గడప ఎవరూ తొక్కలేదు, అప్పటికే ఆడించిన నూనెతోనే సరిపెట్టుకున్నారు. కేసా నోరు మంచిది కాదు గాని చెయ్యి మంచిది. ఈ మాట విన్నాక ఆయన ఎవరితోనూ పోట్లాడలేదు, పలకరించడం మానేశాడు. అంతే.

మార్చిలో షెడ్డు బోరింగు పిడి బరువెక్కిందంటే గంగే సంచి వేసుకుని వెళ్లింది. లోపల సోమి చేతులకు తొడుగులు వేసుకుని సబ్బు పనిలో ఉంది. గాజు జాడీలో నీళ్లు పోసి, కాస్టిక్ సోడాను చెంచాతో కొంచెం కొంచెంగా వేస్తోంది. జాడీ సెగలు కక్కింది. నీళ్లు తెల్లబడ్డాయి, బియ్యం కడిగిన నీళ్లలా.

గంగే గుమ్మంలో ఆగిపోయింది. సబ్బు చేయడం ఆమె చూడటం అదే మొదటిసారి.

"ఇది ఎప్పుడూ ఇట్లనే తెల్లగయితదా?"

"అయితది వదినె. మందు గట్టిది గదా."

"మేడం చేసి చూపిచ్చినప్పుడు గూడ ఇట్లనే అయ్యిందా?"

సోమి చెయ్యి ఆగింది. కాసేపు జాడీలోకి చూసింది. "లేదు," అంది. "అప్పుడు గాజు లెక్క ఉండె. అడుగు కనబడె."

 గంగే బయటికి వెళ్లి పైపులు లాగింది. మూడో పైపు లోపల తెల్లటి పెచ్చు చేతిగాజు మందాన కట్టుకుపోయి ఉంది. ఇలాంటి పెచ్చుల్ని ఆమె ఇన్నేళ్లలో ఎన్నిసార్లు కొట్టి పారేసిందో లెక్కే లేదు. మట్టి పేరుకోవడం అనుకునేది. ఈసారి చిన్న ముక్క విరిచి నాలుక మీద పెట్టుకుంది. ముందు ఏమీ తెలియలేదు. తర్వాత, చాలా సన్నగా, గొంతు చివర ఒక రుచి తగిలింది. ఈ బోరింగు నీళ్లు తాగాక నోట్లో మిగిలే తీపి అదే.

ఆమె పైపు పక్కనే నేల మీద కూర్చుండిపోయింది. నీళ్లలో రాయి ఉంది. చేతికి తగలకుండా, కంటికి కనపడకుండా, అద్దంలాంటి నీళ్లలో కొండంత రాయి కరిగి ఉంది. ఇన్నాళ్లూ తను నీళ్లను మెచ్చుకుంటున్నాననుకుంది. మెచ్చుకున్నది రాయిని.

మర్నాడు పొద్దున్నే ఆమె, సోమి కలిసి ఆరు చోట్ల నీళ్లు పట్టుకొచ్చారు. షెడ్డు బోరింగు, బడి బోరింగు, పాత బావి, వాగు, మడి పక్క కుంట, కొండ కింద ఊట. ఒకే తీరు సీసాల్లో పోసి, ఆగస్టు సబ్బు ముక్క మిగిలి ఉంటే దాన్ని గీరి, ప్రతి సీసాలో చిటికెడు వేసి ఇరవైసార్లు ఊపారు. షెడ్డు బోరింగు సీసాలో నురగే లేదు. విరిగిన పాలలా తరకలు తేలాయి. బడి బోరింగు నీళ్లు ఎర్రబారాయి, అందులో ఇనుము ఉందని గంగేకు ముందే తెలుసు. వాగు నీళ్లలో నురగ లేచి కూర్చుంది. ఊట నీళ్లలో రెండు వేళ్ల ఎత్తు నిలిచింది.

ఒకే సబ్బు, ఒకే చెయ్యి. ఆరు సీసాలు ఆరు తీర్లుగా ఉన్నాయి. ఆడవాళ్లు వంగి వాటినే చూస్తూ ఉండిపోయారు. పట్టుకొచ్చినప్పుడు అన్నీ ఒక్క తీరుగనే ఉండె గదా అని ఎవరో మెల్లగా అన్నారు.

"మరి మేడం వచ్చినప్పుడు ఏ నీళ్లు పోసిండ్రు?" అని గంగే అడిగింది. "ఊట కాడికి పోయిండ్రా?"

 సోమి నెత్తి మీద చెయ్యి పెట్టుకుంది. "ఆ వారం బోరింగు పాడయ్యింది వదినె. నువ్వు మీటింగుకు కోంట పోయినవు. సూరు కింద డ్రమ్ము నిండి ఉంటే అందులకెల్లి ముంచినం."

వాన నీళ్లు. గంగేకు నమ్మబుద్ధి కాలేదు. వాన నీళ్లను ఆమె ఎప్పుడూ నీళ్లుగా లెక్కపెట్టలేదు. ఉప్పు లేని కూరలా నోట్లో ఏమీ మిగలని నీళ్లు, పశువులకూ కాళ్లు కడుక్కోవడానికీ తప్ప పనికిరావనే అనుకునేది. సోమి కిరందుల్‌కు ఫోన్ చేస్తే రామతులసి నవ్వింది. "అయ్యో, అది చెప్పడం మర్చిపోయానమ్మా. మా ఇంట్లో వాన నీళ్లే ఏడాదికి సరిపడా దాచుకుంటాను. ఎండాకాలంలో అయితే జగదల్‌పూర్ నుంచి బ్యాటరీలో పోసే నీళ్లు తెప్పించుకుంటా."

వానకు ఇంకా రోజులున్నాయి. ఊట నీళ్లతో పని నడిపించవచ్చని సోమి అంది. గంగే ఒప్పుకోలేదు. వాన నీళ్లతో ఏమవుతుందో తన కళ్లతో చూడాలి.

ఏప్రిల్ మూడో వారంలో ఒక మధ్యాహ్నం ఆకాశం నల్లబడింది. గాలికి ఇప్పచెట్ల కొత్త చిగుళ్లు తిరగబడ్డాయి. గంగే పరుగున షెడ్డు దగ్గరికి వచ్చి ఖాళీ జాగాలో నాలుగు కర్రలు పాతింది. ఉతికిన తెల్ల ధోవతిని నాలుగు మూలలా కట్టి, నడుమ గులకరాయి వేసి, కింద స్టీలు బిందె పెట్టింది. రేకు మీద నుంచి జారిన నీళ్లలో తుప్పు ఉంటుందని ఆమెకు తెలుసు. మొదటి జల్లుకు గుడ్డలో దుమ్మే దిగింది. ఆ నీళ్లు పారబోసి బిందె మళ్లీ పెట్టింది. తర్వాత వాన నిలువుగా, గట్టిగా కురిసింది. ధోవతి నడుమ నుంచి ధార దారంలా దిగుతుంటే గంగే తల మీద ప్లాస్టిక్ సంచి కప్పుకుని అక్కడే నిలబడింది.

వాన తగ్గాక అందరూ షెడ్డులో చేరారు. సోమి గాజు జాడీ కడిగి ఆ నీళ్లు పోసింది. తొడుగులు వేసుకుని కాస్టిక్ సోడా మొదటి చెంచా వేసింది. నీళ్లు మసకబారాయి. రెండో చెంచాకు ఇంకా మసక. ఎవరో నిట్టూర్చారు. గంగే చెయ్యెత్తి ఆగమంది.

మసక కింద నుంచి విడిపోయింది. పొగమంచు లేచినట్టు బుడగలు పైకి పోయి, జాడీ అడుగు కనపడింది. అడుగున గాజు మీద అచ్చయిన అంకెలు చదవగలిగేంతగా.  వేడికి జాడీ పక్క గాలి కదులుతోంది. లోపల మాత్రం ఏమీ లేనట్టే ఉంది.

"దీంట్ల ఏం లేదు," అని గంగే అంది.  "ఇది ఇంకా ఏ ఊరిదీ కాదు."

బిందెలో మిగిలిన నీళ్లు దోసిట్లోకి తీసుకుని తాగింది. రుచి కోసం నాలుక వెతికింది, దొరకలేదు. పదిహేడేళ్లుగా తను భూమిలోంచి లాగిన నీళ్లన్నీ ఎప్పుడో ఒకనాడు ఇలాగే పడి ఉంటాయి. పడ్డాక, ఏ ఊరి కింద దిగితే ఆ ఊరి మట్టినీ రాయినీ ఇనుమునీ ఎత్తుకుంటూ, ఎన్నేళ్లు నడిచాయో. అయిదు గ్లాసుల్లో తను చెప్పిన అయిదు ఊళ్ల పేర్లూ ఆ నడక పేర్లే. మీద పడిన వానను చూడకుండా ఎప్పుడూ కిందికే చూసినందుకు ఆమెకు సిగ్గనిపించలేదు. మరో దోసిలి ముంచుకుని తాగింది.

ఆ సాయంత్రమే ఆమె కేసా మిల్లుకు వెళ్లింది. ఆయన గానుగపిండి గోనెలో ఎత్తుతున్నాడు, తలెత్తలేదు.

"తప్పు నాది కేసన్నా. నీ నూనెది కాదు. ఆ నీళ్లు పొయ్యమని చెప్పింది నేను."

కేసా గోనె మూతి కట్టడం పూర్తి చేశాడు. "నీ నాలుక తప్పు చెప్పిందా?" అని అడిగాడు.

"నాలుక తప్పు చెప్పలే. తాగనీకె మంచి నీళ్లు ఏవో చెప్పింది. సబ్బు అడిగింది అది కాదు."

ఆయన గోనెను గోడ పక్కకు జరిపాడు. "రేపు సోమిని గింజలు తెమ్మను," అన్నాడు చివరికి. "మిల్లు ఖాళీగనే ఉన్నది."

ఆ ఏప్రిల్ సబ్బులు ఆరు వారాలు ఆరాయి. ఒక్క మచ్చ పడలేదు. జూన్‌లో అసలు వానలు పట్టాక లక్మా రేకుల కింద గొట్టం బిగించాడు. మొదటి రెండు వానలూ బయటికి వదిలేసి, మూడోది నీలం డ్రమ్ముల్లోకి పట్టారు. మూతలు పెట్టి, గుడ్డలు కట్టారు.

జులైలో రామతులసి మళ్లీ వచ్చింది, వెంట సబ్బు పని నేర్చుకోవడానికి బాసగూడ నుంచి నలుగురు ఆడవాళ్లు. నీళ్ల సంగతి తను చెప్పకుండా గంగేను ముందుకు నెట్టింది. "మీరే చెప్పండి గంగేగారూ. నాకు పుస్తకంలో ఉన్నంతే తెలుసు."

అంతమంది ముందు మాట్లాడటం గంగేకు అలవాటు లేదు. ఏ భాషలో మొదలుపెట్టాలో కూడా తెలియలేదు. బయట వాన జోరుగా పడుతోంది. ఆమె గుమ్మం దాటి చూరు కింద నిలబడి, వాళ్లను కూడా రమ్మని సైగ చేసింది. నలుగురూ వచ్చి పక్కన నిలబడ్డారు. గంగే రెండు చేతులూ వానలోకి చాపింది. దోసిలి నిండి పొర్లిపోతుంటే, వాళ్లూ ఒకరి తర్వాత ఒకరు చేతులు చాపారు.