ఆరు నుంచి ఎనిమిది దాకా మౌనం

టేకులపల్లి దాటాక అడవి దగ్గరపడే చోట, తండా చివరి రేకుల షెడ్డులో హేమలత విస్తరాకుల మిషను నడుపుతుంది. అది కొత్తది కాదు. సత్తుపల్లి వైపు ఎవరో కొన్నాళ్లు వాడి, విసిగి, అమ్మేసిన రెండచ్చుల మిషను. కింద రెండు ఇనుప గిన్నెలు, వాటికి సరిపడేలా పైన రెండు అచ్చులు. కరెంటుతో కాగుతాయి. కుట్టిన అడ్డాకును గిన్నె మీద పరిచి పెడలు తొక్కితే పై అచ్చులు రెండూ ఒకేసారి దిగి, తొమ్మిది సెకన్లు నొక్కిపట్టి, లేస్తాయి. ఆకు ప్లేటై బయటికి వస్తుంది. ఇద్దరు ఆడవాళ్లు ఎదురెదురుగా కూర్చోవాలి. అచ్చులు రెండైనా పెడలు మాత్రం ఒక్కటే. ఒకరి పాదం కింద ఇద్దరి చేతులు ఉంటాయన్నమాట.

పెడలు దగ్గర హేమలత కూతురు ఉషారాణి కూర్చునేది, ఎదుట రూప్లి. రూప్లి హేమలత భర్తకు పెదనాన్న కూతురు. హేమలతకు వదిన, ఉషారాణికి అత్త వరస. నలభై అయిదేళ్ల మనిషి, చేతివేళ్లు మాత్రం పద్దెనిమిదేళ్ల పిల్ల వేళ్లలా ఆకు మీద పరిగెత్తేవి. పాదం దించే ముందు ఉషారాణి "రూప్లీ!" అని పిలిచేది. చేయి వెనక్కి తీసుకున్నాక రూప్లి "అవ్" అనేది. ఆ తర్వాతే అచ్చు దిగేది. ఈ పద్ధతిని ఎవరూ నిర్ణయించలేదు. మొదటి వారంలో ఎప్పుడో మొదలై, ఊపిరిలా సాగిపోయింది.

ఆకులు కుట్టే హేమలత అత్త సోమ్లికి ఈ పిలుపు గిట్టేది కాదు.

"ఓసి ఉషా, అత్తను పేరు వెట్టి పిలుస్తున్నవేందే? నాలుక పొడుగైందా?"

"అత్తా అంటే ఇద్దరు పలుకుతున్నరు అవ్వా! ఎవరు పలికినా నా కాలు దిగుతది."

"పిలవనీ చిన్నమ్మా," అనేది రూప్లి నవ్వుతూ. "మా ఇంటాయన ఇరవయ్యేండ్లల్ల గిన్నిసార్లు పిలవలే. పొద్దంతా నా పేరే జపం."

ఆకులు లెక్కకట్టే వనజ బయటి ఊరి మనిషి, తండా భాష రాదు. అందుకే షెడ్డులో మాటలన్నీ తెలుగులోనే నడిచేవి, ఆ రోజుల్లో అవి ఆగేవే కావు.

చలికాలంలో ఇల్లెందు నుంచి మెకానిక్ బెంజమిన్ వచ్చి మిషను విప్పి చూశాడు. చూసి, చేతులు తుడుచుకుంటూ లేచాడు.

"అక్కా, దీనికి రెండు దిక్కుల బటన్లుండాలె. ఇద్దరు చేతులు బటన్ల మీద పెడితెనే అచ్చు దిగాలె. ఎవడో అవి పీకేసి పెడల్ పెట్టిండు. ఇన్ని దినాలల్ల ఎవరి చెయ్యి పోలేదంటే మీ అదృష్టం."

"అదృష్టమేంది సార్, మేం పిలుసుకుంటం గదా," అంది రూప్లి.

"పిలుపేమన్న స్పేర్ పార్టా అక్కా?" అని నవ్వాడతను.

బటన్లు బిగించాలంటే వారం రోజులు మిషను ఆపాలి. భద్రాచలంలో నవమికి అన్నదానం చేసే ఒక సంఘం పెద్ద ఆర్డరు ఇచ్చి ఉంది. నవమి కాగానే చేయిద్దామంది హేమలత. ఆ మాట అనేటప్పుడు ఆమె మనసులో నిర్లక్ష్యం లేదు. అప్పటికి ఆ షెడ్డుకు ఆ పిలుపు సరిపోతోంది కూడా.

సంక్రాంతి వెళ్లాక ఆమె ఖమ్మంలో మూడు రోజుల తరగతికి వెళ్లింది. చిన్న పరిశ్రమలు నడిపే ఆడవాళ్ల కోసం పెట్టిన తరగతి. మూడో రోజు ఒక శిక్షకుడు గెలిచిన వ్యాపారుల దినచర్య గురించి చెప్పాడు. నాలుగున్నరకు లేస్తారట. రోజును పావుగంట ముక్కలుగా కోసి, ప్రతి ముక్కకూ ఒక పని అప్పగించి, ఫోనులో గంట పెట్టుకుంటారట. పనిలో మొదటి రెండు గంటలు ఎవరితోనూ మాట్లాడరట. చివర ఆ రోజుకు కృతజ్ఞతగా మూడు వాక్యాలు రాసుకుంటారట.

అతడు చెప్పినదాంట్లో అబద్ధం లేదు. అయితే గెలిచినవాళ్ల దినచర్య చెప్పేవారు, అదే దినచర్యతో ఓడినవాళ్ల సంగతి ఎత్తరు. ఆ రెండు గంటల నిశ్శబ్దం కోసం ఎవరు నోరు కట్టుకున్నారో కూడా చెప్పరు. మునులు మౌనాన్ని ఆశ్రయించింది లోకంలోని చిన్న చప్పుడైనా వినబడాలని. ఆ హాలులో అమ్మకానికి పెట్టిన మౌనం ఏ చప్పుడూ వినకుండా ఉండటానికి.

హేమలతను తప్పుపట్టడం సులభం. ముప్పై ఆరేళ్లలో ఆమె రోజు ఒక్కనాడూ ఆమెది కాలేదు. కరెంటు ఎప్పుడొస్తే అప్పుడు మిషను, బస్సు ఎప్పుడొస్తే అప్పుడు బజారు, కొత్తగూడెంలో కాంట్రాక్టు డ్రైవరుగా పనిచేసే భర్త ఏ షిఫ్టు నుంచి వస్తే అప్పుడు వంట. అలాంటి మనిషి చేతికి గళ్లు గీసిన కాగితం ఇచ్చి, ఈ గళ్లన్నీ నీవే అంటే, దాన్ని ఎవరు మడిచి పక్కన పెడతారు?

షెడ్డు గోడకు తెల్ల బోర్డు వచ్చింది. ఆరు నుంచి ఎనిమిది దాకా మౌనం. ఏడుంబావుకు గంట: అప్పటిదాకా ఎన్ని ప్లేట్లయ్యాయో చూడాలి. ఏడున్నరకు రేపటి ఆలోచన. ఎనిమిదికి కృతజ్ఞత. ఆ గంటల్ని తన ఫోనులో పెట్టుకుని, తాను లేనప్పుడు పనికొస్తాయని ఉషారాణి ఫోనులో కూడా పెట్టింది.

"మాట్లాడొద్దా? దగ్గొస్తే?" అంది రూప్లి.

"దగ్గు వదినా, మాట్లాడకు."

"పొద్దున్నే శవం లేచిన ఇల్లు లెక్క ఉంటది," అని సోమ్లి ఆకుల్లోకి తల దించుకుంది.

మొదట మాటలు మాత్రమే ఆగాయి, పిలుపు ఆగలేదు. నిశ్శబ్దంలో "రూప్లీ", "అవ్" అన్న రెండు మాటలు రేకులకు తగిలి మరింత పెద్దగా వినిపించేవి. ప్లేట్లు పెరిగాయి. రెండు గంటల్లో మూడు వందలు దాటనిది మూడు వందల నలభై అయింది. తరగతివాళ్ల వాట్సాప్ గ్రూపులో ఎవరి ఉదయపు పనిని వాళ్లు వీడియో తీసి పెట్టాలి. హేమలత కూడా పెట్టింది. గంటలోపే శిక్షకుడి గొంతు వచ్చింది: "మేడం, సైలెన్స్ అవర్‌లో ఈ అరుపులేంటండీ?" దాని కింద వరసగా నవ్వు బొమ్మలు, పదకొండు.

ఆ పదకొండింటిని ఆమె చాలాసార్లు చూసింది. మర్నాడు పని మొదలయ్యే ముందు మిషను దగ్గర నిలబడింది.

"ఇగ పిలుసుకోవద్దు. చెయ్యి తీసినంక తల ఊపు వదినా. ఉషా, నువ్వు సూసి తొక్కు. అంతే."

రూప్లి ఈసారి నవ్వలేదు. "కండ్లు ఆకు మీద ఉంటయి గదా హేమా."

"అలవాటైతది."

"అయితది," అంది రూప్లి. "గదే నా భయం."

నిజంగానే అలవాటయింది. మౌనం నెలరోజులు దాటింది. దారి పక్క మోదుగులు ఎర్రగా విచ్చుకున్నాయి, అడ్డాకు ఎండి గలగలమనే కాలం వచ్చింది. షెడ్డులో ఆ గలగల, అచ్చులు దిగే బరువు చప్పుడు, అంతే. ఉషారాణి భుజాలు బిగదీసుకుని పనిచేసేది. రూప్లి తల ఊపడం రోజురోజుకూ చిన్నదైపోయింది. మొదట్లో గడ్డం ఛాతీని తాకేది, తర్వాత నుదురు కదిలేది, చివరికి కనుబొమలు మాత్రమే. ఒకసారి అచ్చు ఆమె గాజును తాకింది. గాజు పగిలి ఆకులో పడింది. రూప్లి ఆ ముక్కల్ని ఏరి, చేతికి మిగిలిన గాజులన్నీ తీసి కొంగున కట్టుకుంది. మౌన సమయం కాబట్టి ఎవరూ ఏమీ అనలేదు. ఎనిమిదయ్యాక అనవచ్చు. ఎనిమిదింటికి హేమలత కృతజ్ఞతలు రాస్తోంది.

నవమికి ఇంకా ఆరు రోజులుందనగా ఉషారాణికి జ్వరం వచ్చింది. పెడలు దగ్గర హేమలత కూర్చుంది. ఆమెకు మిషను కొత్త కాదు; కొన్ననాడు తొక్కి నేర్పింది తనే. ఆరుకు మొదలుపెట్టారు. ఏడు దాటేసరికి రెండు వందల పది. లయ కుదిరిందనిపించింది. రూప్లి ఆకు పరుస్తుంది, నుదురు కదిలిస్తుంది, అచ్చు దిగుతుంది.

ఏడుంబావుకు ఫోను మోగింది.

హేమలత చూపు అటు మళ్లింది. రూప్లి గిన్నెలోని ఆకు చిరిగింది. దాన్ని సరిచేయడానికి ఆమె ముందుకు వంగింది. కంటికొసలో హేమలతకు ఒక తల కిందికి కదలడం కనిపించింది. ఆమె పాదం దిగింది.

కేక వినబడలేదు. అందరికీ తర్వాత గుర్తున్నది అదే. నెలకు పైగా నేర్చుకున్న మౌనం ఆ క్షణంలోనూ రూప్లిని వదల్లేదు. ఆమె చాలా మెల్లగా, ఎవరినో నిద్ర లేపుతున్నట్టుగా అంది:

"హేమా, కాలు తియ్యి."

ఆటోలో కొత్తగూడెం దవాఖానాకు తీసుకెళ్లేటప్పుడు హేమలత రెండు చేతులతోనూ రూప్లి మణికట్టును పట్టుకుని కూర్చుంది. అందుకే ఏడున్నరకు ఫోను మోగినప్పుడు ఆపలేకపోయింది. ఎనిమిదికి మళ్లీ మోగింది. ఆటో నడిపేవాడు వెనక్కి తిరిగి, "ఎవరో ఫోన్ జేస్తున్నరక్కా, ఎత్తరాదు?" అన్నాడు. తెర మీద కృతజ్ఞత అన్న అక్షరాలు వెలిగి, వాటంతటవే ఆరిపోయాయి.

కుడిచేతి రెండు వేళ్లు పోయాయి. మూడోది ఉంది గానీ ఇక వంగదు.

మిగిలిన ఆర్డరును సంఘం వేరేచోట చేయించుకుంది. షెడ్డుకు తాళం పడింది. హేమలత ఒక తడిబట్టతో బోర్డు తుడిచేసి, ఫోనులో గంటలన్నీ తీసేసి, గ్రూపులోంచి బయటికి వచ్చింది. ఎందుకు వెళ్లారని అక్కడెవరూ అడగలేదు. ఇరవై రోజులకు రూప్లే వచ్చి, చేతికి కట్టుతో గుమ్మంలో నిలబడింది.

"మిషను ఎందుకు పండవెట్టినవ్? నా వేళ్లు మొలుస్తయా దాంతోని?"

"బెంజమిన్ సోమారం వస్తనన్నడు వదినా. బటన్లు బిగించినంకనే..."

"గప్పటిదాక ఈ పిల్లలకు పనెట్ల? కుట్టిన ఆకు పురుగు పడుతది. పిలుసుకుంట నడుపుకో, ఎప్పటి లెక్క. నేను గా మూలకు కూసోని ఆకులు ఏరుత."

గురువారం పొద్దున అచ్చులు మళ్లీ కాగాయి. పెడలును ఇంకొకరి కాలికి అప్పగించడానికి హేమలతకు మనసు రాలేదు, తనే కూర్చుంది. ఎదుట వనజ. సోమ్లి, ఉషారాణి ఆకుల దగ్గర, వాళ్ల వెనక రూప్లి. వనజ ఆకు పరిచింది. అంచు సరిచేస్తోంది. హేమలత గొంతు సవరించుకుని, మూడేళ్లుగా ఆ షెడ్డులో వినిపించిన పేరే పిలిచింది.

"రూప్లీ!"

మూలనుంచి, తల ఎత్తకుండానే, రూప్లి పలికింది.

"అవ్."

పాదం సగం దాకా దిగింది. వనజ చేయి ఇంకా గిన్నెలోనే ఉంది. వేడికి తలెత్తిన వనజ పై అచ్చును చూసింది, తర్వాత హేమలత ముఖాన్ని చూసింది. హేమలత పాదాన్ని గాలిలోనే నిలిపి, ఒక చేత్తో మోకాలిని పట్టుకుని, రెండో చేత్తో గోడ మీది మెయిన్ స్విచ్చిని కొట్టింది.

"సోమారం దాక ఆడదు," అంది. "ఆకు పురుగు పట్టనీ. ఎవరూ దగ్గరికి రావద్దు."

సోమ్లి ఈనెల కట్ట విప్పి తలా కొన్ని పంచింది. మిషను రాకముందు కుట్టినట్టే, నలుగురూ నేల మీద గుండ్రంగా కూర్చుని చేత్తో విస్తళ్లు కుట్టసాగారు. రూప్లి ఎడమచేత్తో ఒక ఈనె పట్టుకుని, ఆకులో గుచ్చలేక, దాన్నే చూస్తూ ఉంది. వెనక చల్లారుతున్న ఇనుము టిక్కుటిక్కుమంటోంది. మాట్లాడవద్దని ఇప్పుడు ఎవరూ చెప్పలేదు. అయినా ఏ నోటా మాట రాలేదు.

అప్పుడు ఉషారాణి నడుము సంచిలో ఫోను మోగింది. ఏడుంబావు. దాంట్లోంచి తీసేయాలని హేమలతకు తోచనేలేదు.

మిషను ఆగి ఉంది. స్విచ్చి కట్టేసే ఉంది. అయినా నలుగురూ ఒక్కసారే ఆకుల మీంచి చేతులు వెనక్కి లాక్కున్నారు. రూప్లి కూడా తన కట్టున్న చేతిని ఛాతీకి హత్తుకుంది.