మూడు వందల తొంభై సెడీల డిస్కు

అబ్రఫీ కంప్యూటర్‌లోంచి టిక్కు టిక్కుమని చప్పుడు రావడం ఒక సోమవారం పొద్దున మొదలైంది. మొదట గోడ గడియారం అనుకుంది. అది ఆగిపోయి ఏడాదైందని గుర్తొచ్చాక వంగి కంప్యూటర్‌కి చెవి ఆనించింది.

కుమాసి నగరంలో శవాగారం వెనక వీధిలో ఆమెది ఒంటిగది దుకాణం. పంతొమ్మిదేళ్ళుగా చావు పుస్తకాలు చేసి బతుకుతోంది. పోయిన మనిషిని సాగనంపే శనివారానికి బతుకు కథ, పిల్లల మాటలు, ఫొటోలు అన్నీ కలిపి రంగుల పుస్తకం వచ్చినవాళ్ళ చేతుల్లో ఉండాలి. ఏ ఫొటో ఎక్కడ పెడితే చూడముచ్చటగా ఉంటుందో, రెండో భార్య పేరు ఏ పేజీలో పడితే కొట్లాట రాదో ఆమెకు తెలిసినంతగా ఆ వీధిలో ఇంకెవరికీ తెలియదు. ఏడాది తిరిగాక, నల్లబట్టలు విడిచి తెల్లవి కట్టే రోజుకి ఆ కుటుంబాలే మళ్ళీ వస్తాయి, ఆ ఫొటోలే మళ్ళీ కావాలంటాయి. అందుకని ఆమె ఎవరినీ చెరపలేదు. పద్దెనిమిది వందల పైచిలుకు మంది పోయినవాళ్ళు ఆ పాత డిస్కులో ఉన్నారు.

అంతమందిలోనూ ఆ సోమవారం ఆమెకు ముందు గుర్తొచ్చింది పొకువా. పొగబెట్టిన చేపలమ్మే అజేవా కూతురు. ఇరవై నాలుగేళ్ళ పిల్ల, నాలుగు రోజుల జ్వరంతో పోయింది. తల్లి తెచ్చిన ఫొటోలన్నిటిలోకీ ఒకటుంది. తలకి ఎర్రగుడ్డ చుట్టుకుని, నోరంతా తెరిచి, పంటి సందు కనబడేలా నవ్వుతున్న ఫొటో. పుస్తకం అట్టమీద అదే వేయమని అజేవా అడిగితే వంశ పెద్ద ఒప్పుకోలేదు. ఏడ్చే రోజున పళ్ళికిలించే బొమ్మేమిటని కొట్టిపారేసి, మూతి బిగించుకున్న కాలేజీ ఫొటో ఒకటి వేయించాడు, నవ్వే ఫొటోని లోపలి పేజీల్లో కూడా పడనివ్వలేదు. అప్పుడు అబ్రఫీ అజేవా చేయి పట్టుకుని, ఏడాది రోజుకి ఇదే వేద్దాం, అందాకా దాచి ఉంచే పూచీ నాది అంది. ఆ తర్వాత కెజేతియా సంతలో ఆ ఫొటో ఉన్న అజేవా ఫోను ఎవరో లాక్కుపోయారు. ఆమె ఏడవలేదు. నీ దగ్గరుందిగా చెల్లే, చాలు అని వచ్చి చెప్పి వెళ్ళింది. ఏడాది రోజుకి ఇంకా నాలుగు వారాలుంది. ఆ నవ్వు లోకంలో ఒక్కచోటే ఉంది, ఆ చోటు టిక్కు టిక్కుమంటోంది.

ఆదుమ్‌ బజారులో కంప్యూటర్లు బాగుచేసే జొమో చప్పుడు విని, అక్కా దీనికి రోజులు దగ్గరపడ్డాయి, కొత్తది తెచ్చుకో అన్నాడు. ఇప్పుడు తిరిగే డిస్కులెవరూ కొనడం లేదు, చిప్పుల డిస్కే కొనాలి అని రెండు తీసి బల్లమీద పెట్టాడు. ఒకటి పేరున్న కంపెనీది, పదకొండు వందల సెడీలు. వేగంగా పనిచేయడానికి దానికి సొంతంగా కాస్త మెమరీ ఉంటుందట, ఎంత ఎక్కించినా వేగం తగ్గదట. రెండోది ఏడు వందలు. మొదటి గుక్కలో గబగబా మింగుతుంది, తర్వాత ఆయాసపడుతుంది, కానీ మింగింది పోనివ్వదు అన్నాడు.

అబ్రఫీ ఆచితూచి కొనే మనిషి. టమాటాలు కొన్నా బుట్టలో అన్నిటినీ ఒత్తి చూసి, అమ్మేవాళ్ళు విసుక్కున్నాక అడుగునున్నవి ఏరుకుంటుంది. తను చేసే పనికి వేగమెందుకు అనుకుంది. తన దగ్గరికొచ్చేవాళ్ళకి తొందరేముంది? వాళ్ళ మనుషులు ఎక్కడికీ వెళ్ళేవాళ్ళు కారు. ఒక ఫొటో రెండు క్షణాలు ఆలస్యంగా తెరుచుకుంటే ఎవరి సొమ్ము పోయింది? ఆ మాటలో తప్పులేదు. వేగం అక్కర్లేనివాళ్ళు వేగానికి డబ్బు పోయడం తెలివితక్కువే. పదకొండు వందలది పక్కకి జరిపింది. అంతవరకూ ఆమె బుర్ర బాగానే పనిచేసింది.

బయటికొచ్చాక మెట్లకింద పళ్ళెంలో చార్జర్లూ ఇయర్‌ఫోన్లూ అమ్మేవాడి దగ్గర మూడోది కనబడింది. మిలమిలలాడే డబ్బా. జొమో చూపించినవాటికి రెండింతలు పడుతుందని దానిమీద రాసుంది. ధర మూడు వందల తొంభై. ఆమె తిప్పితిప్పి చూసింది. ఇదీ ఆయాసపడుతుందా అని అడిగితే వాడు నిజాయితీపరుడిలా ముఖం పెట్టి, కొంచెం నిదానమే తల్లీ అన్నాడు. తనలోని లోపం తనే చెప్పుకున్నాడు కదా అని ఆ మాటతోనే ఆమెకి నమ్మకం కుదిరింది. చవకలో పోయేది వేగమొక్కటే అనుకుంది. ఇంకేదన్నా పోగలదని ఆమెకి తట్టలేదు.

జొమో దాన్ని చూసి మొహం చిట్లించాడు. కొన్నాక ఏం చేస్తాం, బిగించి ఇస్తాగానీ ఒక్క మాట విను అన్నాడు. "ఎక్కించాక పేర్లు చూసి ఊరుకోకు. ఒక్కొక్కటీ తెరిచి చూసుకో."

"పోయినోళ్ళని ఊరికే పిలుస్తారేంట్రా ఎవరన్నా?" అంది అబ్రఫీ.

అది ఆ వీధిలో అందరూ పాటించే కట్టుబాటు. ఇంటివాళ్ళు పక్కన లేకుండా పోయినవాళ్ళ ఫొటో తెరవరు. తెరిచేముందు గడపమీద నాలుగు నీటి చుక్కలు వదిలి పేరుపెట్టి చెబుతారు. పని లేకుండా ముఖం చూస్తే, ఎందుకు పిలిచావని అడుగుతూ వెంట వస్తారని వాళ్ళ భయం. అబ్రఫీ ఈ పంతొమ్మిదేళ్ళలో ఒక్కసారీ ఆ గీత దాటలేదు.

ఎక్కించడానికి రెండు పగళ్ళు పట్టింది. మొదట పావుగంట గుర్రంలా పరుగెత్తింది, ఆ తర్వాత నత్తనడకకి దిగింది. చెప్పాడుగా నిదానమని, అనుకుని ఆమె వేరుశనక్కాయలు తింటూ కూర్చుంది. దారిన పోతూ తొంగిచూసిన అజేవాతో కూడా, కొత్త డిస్కు కాస్త నిదానం అంది. అయ్యాక పేర్లు లెక్కపెట్టుకుంది, ఒక్కటి తగ్గలేదు. బతికున్నవాళ్ళ పాస్‌పోర్టు ఫొటోలు మాత్రం ధైర్యంగా తెరిచింది. అందరికంటే ముందు ఎక్కించినవి అవే. అన్నీ శుభ్రంగా వచ్చాయి. ఆ మర్నాడే పాత డిస్కు గట్టిగా రెండుసార్లు టిక్కుమని ఆగిపోయింది. సమయానికి కాపాడావు తండ్రీ అని అబ్రఫీ దేవుడికి దండం పెట్టుకుంది.

వారం తర్వాత ఒక బడిపంతులు కొడుకు తండ్రి ఏడాదికి ఫొటోలు అడగడానికి వచ్చాడు. ఆమె నీళ్ళు వదిలి, పేరు చెప్పి, తెరిచింది. తెరమీద బూడిదరంగు తప్ప ఏమీ లేదు. రెండోది తెరిచింది, అదీ అంతే. మూడోదాంట్లో పంతులుగారి టోపీ, ఒక చెవి వచ్చాయి. కరెంటు సరిగ్గా లేదు బాబూ, మంగళవారం రా అని అతన్ని పంపించేసి తలుపు దగ్గరికి లాక్కుంది. కంప్యూటర్ ఎత్తుకుని జొమో దగ్గరికి పరుగెత్తింది.

జొమో కొత్త డిస్కు డొక్క విప్పి చూశాడు. అంత పెద్ద డబ్బాలో గోరంత చిప్పు ఒకటుంది, మిగతాదంతా బరువు కోసం అతికించిన ఇనప ముక్క. ఇది నిండిపోయాక కూడా వచ్చింది వచ్చింది అని పేర్లు రాసుకుంటూ పోయింది, సరుకు మాత్రం పారబోసింది అన్నాడు. అక్కడక్కడా ముక్కలు మిగిలితే మిగలొచ్చు. మెట్లకిందికి వెళ్ళి చూస్తే పళ్ళెంవాడు లేడు. జొమో పాత డిస్కుని నాలుగు రకాలుగా కదిపి చూశాడు. అది తిరగలేదు.

"పొకువాది చూద్దామా?" అన్నాడు.

ఆమె అతని మణికట్టు పట్టుకుంది. తల్లి లేకుండా తెరవకూడదు అంది. అది నిజమే, కానీ ఆ రోజు ఆమె చేయి పట్టుకున్నది కట్టుబాటుకి భయపడి కాదు. తెరవనంతసేపూ ఆ ఫొటో ఉన్నట్టే. తెరిస్తే ఉందో లేదో తేలిపోతుంది. పాపం, అంత వయసొచ్చినా చిన్నపిల్ల దుప్పటి ముసుగేసుకున్నట్టే ముసుగేసుకుంది.

ఆ తర్వాతి తొమ్మిది రోజులూ ఆమెకి నరకమే. దుకాణం ముందు చేపల వాసనొస్తే చాలు, లోపల పనున్నట్టు లేచిపోయేది. పొకువా పేరున్న ఫోల్డరు మీదికి మౌసు బాణాన్ని తీసుకెళ్ళేది, వెనక్కి లాక్కునేది. అన్నం సహించలేదు. ముందే వెళ్ళి అజేవాకి చెప్పేద్దామని రెండుసార్లు చెప్పులేసుకుని బయల్దేరింది. రెండుసార్లూ వీధి మలుపు దాకా వెళ్ళి తిరిగొచ్చింది.

బుధవారం మధ్యాహ్నం అజేవా తనే వచ్చింది. తెల్లబట్టల మీదికి కొత్త పూసలు కొన్నానని చూపించింది. బ్యానరు పెద్దదిగా, గుమ్మం అంత వేయించాలంది. ఈసారి వంశ పెద్ద కూడా తలూపాడట, నవ్వనీ పాపం అన్నాడట. గడపమీద నీళ్ళు తనే వదిలి, కూతుర్ని పేరుపెట్టి పిలిచి, ముక్కాలిపీట లాక్కుని తెర ముందు కూర్చుంది. అబ్రఫీకి ఇంక తప్పించుకునే దారి లేదు. కళ్ళు మూసుకుని నొక్కింది.

తెరిచేసరికి ఎర్రగుడ్డ వచ్చింది. దానికింద నుదురు, నవ్వుకి చిన్నవైపోయిన రెండు కళ్ళు. ముక్కు సగం దాకా వచ్చి ఆగిపోయింది. అక్కణ్ణుంచి కిందంతా బూడిద.

అజేవా చేతులు ఒళ్ళో పెట్టుకుని ఎదురుచూస్తోంది.

"కొత్తది కాస్త నిదానం అన్నావుగా. రానీ, తొందరేం లేదు," అంది.

బయట ఎవరో బేరమాడుతున్నారు. అబ్రఫీ మౌసు మీంచి చేయి తీసేసింది.

"ఇంక రాదక్కా."

తర్వాత అంతా చెప్పింది. టిక్కుమన్న చప్పుడు, రెండు డిస్కులు, మెట్లకింది పళ్ళెం, గోరంత చిప్పు, తొమ్మిది రోజులు దాక్కోవడం. తిట్టినా కొట్టినా పడదామని తలవంచుకుని చెప్పింది. అజేవా తిట్టలేదు. తెర దగ్గరికి జరిగి, బూడిద మొదలైన చోట వేలు ఆనించి, కిందికి మెల్లగా నిమిరింది.

"పోకుండా ఉంచేదని ఆ అబ్బాయి చెప్పింది ఎంతన్నావు?"

"ఏడొందలు."

"నువ్వు తెచ్చింది?"

"మూడొందల తొంభై."

చేపలమ్మే మనిషికి కూడికలూ తీసివేతలూ ఎంతసేపు?

"మూడొందల పది," అంది అజేవా. "ఒక్క మాట నాతో అనుంటే నేనిచ్చేదాన్ని కదే."