ఏమనుకోవాకప్పా

మా నంద్యాల చర్చికి ఒక ఎస్సై గారు వచ్చేవారు. ఆరాధన అయ్యాక అందరితో ఎడమ చెయ్యే కలిపేవారు. కలుపుతూ, "ఎడమ చెయ్యి, ఏమనుకోవాకప్పా" అనేవారు. చిన్నపిల్లలకు పిప్పరమెంటు ఇచ్చినా అదే మాట.

ఆళ్లగడ్డ దగ్గర ఒకణ్ణి పట్టుకోబోతే, వాడు కాల్చిన తూటా ఆయన కుడి భుజంలో దిగింది. ప్రాణం దక్కింది గానీ ఆ చెయ్యి మళ్లీ లేవలేదు. "దేవుడు నన్ను ఊరికే బతికించలేదప్పా" అనేవారు. ఎందుకు బతికించాడో మాత్రం ఎన్నడూ చెప్పలేదు.

ఒక ఆదివారం, ఆయన్ని కాల్చి, శిక్ష ముగించుకొచ్చిన ఆ మనిషి చర్చి గేటు దగ్గర తల వంచుకుని నిలబడ్డాడు. ఎస్సై గారు నేరుగా పోయి చెయ్యి చాపారు.

"ఎడమ చెయ్యి, ఏమనుకోవాకప్పా."

వాడు ఆ చేతిని రెండు చేతులా పట్టుకుని ఏడ్చాడు. అది క్షమాపణో, దెప్పిపొడుపో, ఉత్త అలవాటో నాకు అంతుబట్టలేదు. ఇంటికి పోతూ ఉండబట్టలేక అడిగేశాను.

"అన్నా, నీ చెయ్యి చెడగొట్టినోనికి గూడా ఆ మాట చెప్తివే, ఏందీ?"

ఆయన నన్ను వింతగా చూశారు.

"అందరికీ చెప్తాండా గదప్పా. వానికొక్కనికే ఎందుకు మానాల?"