చుక్కలు పుట్టే జాగా

ఫ్లెక్సీ మిషన్‌లో సిరా పోయగానే ఘాటైన వాసన ముక్కుకు తగులుతుంది. కొత్తగా వచ్చినవాళ్లు కొంగో రుమాలో అడ్డం పెట్టుకుంటారు. నాకు మాత్రం యాదగిరన్న గుర్తొస్తాడు. నకిరేకల్ బజారులో ఈ దుకాణం ఆయనదే, నాకు పని నేర్పిందీ ఆయనే. కరోనా రెండోసారి వచ్చినప్పుడు పోయాడు. ఇప్పుడు దుకాణం ఆయన భార్య చూసుకుంటుంది, కంప్యూటర్ ముందు నేను కూర్చుంటాను.

చచ్చినవాళ్ల కళ్లు చారెడంటారు. ఫ్లెక్సీ దుకాణంలో ఆ సామెత రోజూ నిజమవుతుంది. పోయినవాళ్ల ముఖాలకు నునుపూ తెలుపూ మేమే తెప్పిస్తాం. యాదగిరన్న అదంతా చేసేవాడు గానీ, వెనకాల అందరిలా జ్యోతులూ పావురాలూ పెట్టేవాడు కాదు. పెద్ద టెలిస్కోపులు తీసిన ఆకాశం ఫొటోలు ఇంటర్నెట్ నుంచి దించి దాచుకున్నాడు. ఎర్రటి ధూళి మబ్బులు, సుడులు తిరిగే పాలపుంతలు, ఉంగరంలా మిగిలిన పొగ. పక్కనున్న ఇంగ్లీషును ఫోన్‌లో తెలుగు చేయించుకుని మరీ చదివేవాడు. ఒకసారి ఒక యువ నాయకుడు తన పుట్టినరోజుకు అందులో ఒకటి కావాలని పట్టుబట్టాడు. "గవి పోయినోళ్లకు తమ్మీ. నీకు పులిని పెడ్త తియ్" అన్నాడు యాదగిరన్న. నాయకుడు నోరుమూసుకుని పులికే ఒప్పుకున్నాడు.

యాదగిరన్నను నేను మొదట చూసింది మా మామ దశదిన కర్మకు ఫ్లెక్సీ చేయించడానికి నా భర్తతో వెళ్లినప్పుడు. అంతకు కొన్ని నెలల ముందు నాకు ఆడపిల్ల పుట్టి, దవాఖానలో ఆ పూటే పోయింది. అంత చిన్నపిల్లలకు మా ఇళ్లలో కర్మలు చేయరు. పేరు పెట్టలేదు, ఫొటో తీయలేదు, ఎక్కడ పూడ్చారో నన్ను చూడనివ్వలేదు. "మల్ల పుడ్తరు తియ్" అంది అత్త. ఆ తర్వాత ఇంట్లో ఎవరూ ఆ ఊసెత్తలేదు. నాకు మాత్రం అది పుట్టిందనడానికి ఒక్క గుర్తయినా కావాలి. లేకపోతే అంతా నేనే కల్పించుకున్నానేమో అనిపించి భయం వేసేది.

మామ ముఖం చుక్కల మధ్య కుదిరాక, మనసు ఆగక అడిగేశాను.

"అన్నా, ఫొటో లేనోళ్లకు చేస్తరా?"

నా భర్త తల దించుకున్నాడు.

"ఎవలకమ్మా?"

"నా బిడ్డకు. పుట్టిన పూటే పోయింది."

ఆయన తెర నా వైపు తిప్పాడు. "ఇది చుక్క సచ్చినంక మిగిలిన పొగ. గిది వద్దు" అని ఇంకొకటి తెరిచాడు. గులాబీ రంగు మబ్బు, లోపల అక్కడక్కడా సన్నటి వెలుగు. "ఇది చుక్కలు పుట్టే జాగా. ఉత్త బొమ్మ గాదు బిడ్డా, నిజంగ ఉన్నది."

నాకు దుఃఖం పొంగుకొచ్చింది. ఆయన కీబోర్డు మీద వేళ్లు పెట్టి, పేరడిగాడు. పెట్టలేదన్నాను.

"గది గాదమ్మా. మనసుల ఏమని పిల్సుకున్నవు?"

అప్పటిదాకా నన్నెవరూ ఆ మాట అడగలేదు. "శ్రావణి" అన్నాను. నా భర్త తలెత్తి చూశాడు. అతను వినడమూ అదే మొదలు. జననం, మరణం అని ఉండే వరుసలను యాదగిరన్న తీసేశాడు. "రెండు తారీఖులు ఒక్కటే ఉంటే సూసెటోళ్లు గదే అడుగుతరు. పేరు సదువనియ్" అన్నాడు.

"యాడ కట్టాలె? అమ్మ ఊకుంటదా?" అని నా భర్త గొణిగాడు.

"గది మీ ఇంటి ముచ్చట. నేనైతే అచ్చేస్త."

కర్మ నాడు మామ ఫ్లెక్సీని ఇంటి ముందు కట్టారు. రెండోదాన్ని చుట్టి బియ్యం డబ్బా వెనక దాచాను. భోజనాలకు ముందు చూస్తే అక్కడ లేదు. బయటికి పరుగెత్తాను. నా భర్త స్టూలెక్కి, తన తండ్రి ఫ్లెక్సీ పక్కనే దాన్ని కడుతున్నాడు.

"ఎవలదిరా గది? ఫొటో లేదేంది?" అంది అత్త.

"నా బిడ్డది."

అత్త కూడబలుక్కుంటూ పేరు చదివింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి వెళ్లిపోయింది.

తర్వాత నేను యాదగిరన్న దగ్గరే పనికి చేరాను. "ఫికర్ చెయ్యకు, అన్నీ వస్తయి. పేరు మాత్రం పైకి సదివి అచ్చెయ్" అనేవాడు. ఆయన ఫ్లెక్సీ నేనే చేశాను. ముఖం మీద ఒక్క ముడత కూడా తీయలేదు. ఆ పేరు పైకి చదివే అచ్చేశాను.

మొన్న ఒకామె కొడుకు పుట్టినరోజు ఫ్లెక్సీకి వచ్చి, మాటల్లో నాకెంతమంది పిల్లలని అడిగింది. తర్వాత పుట్టిన మా బాబు బడికి వెళ్తున్నాడు. యాదగిరన్న దగ్గరికి పోకపోయి ఉంటే ఒక్కడే అని చెప్పి, రోజంతా ముద్ద దిగక బాధపడేదాన్ని.

"ఇద్దరు. పెద్దది శ్రావణి" అన్నాను.

"ఏం సదువుతాంది?"

"పుట్టిన పూటే పోయింది."

ఆమె నా చెయ్యి పట్టుకుని, "పేరు మంచిగున్నదక్కా" అంది.