పొయ్యి దగ్గర పెట్టిన వాక్యం

నా చిన్నప్పుడు, అమ్మ పోయిన ఏడాదే, మా మేనత్త నా చేత బైబిల్లోని ఒక పెద్ద కీర్తన కంఠతా పట్టించింది. సత్తెనపల్లి అవతల మా ఊళ్లో, చర్చి వెనక వీధిలో మాది ఒంటిగది ఇల్లు. మిరప కోతల రోజుల్లో జ్వరం వచ్చి అమ్మ చనిపోయింది. ఆ తర్వాత నన్ను సాకింది అత్తే. పట్నంలో మిషన్ హాస్టలు ఒకటి ఉండేది. ఆ కీర్తన తప్పు లేకుండా అప్పజెప్పిన పిల్లకే అక్కడ సీటు. సీటు రాకపోతే నేనూ అత్త వెంట మిరప చేలోకి పోవలసిందే.

నాకు బొత్తిగా కుదిరేది కాదు. నాలుగు వాక్యాలు దాటేసరికి అంతా కలగాపులగం చేసేదాన్ని. అప్పుడు అత్త ఒక ఉపాయం చెప్పింది. వాక్యాలను నోట్లో కాదు, ఇంట్లో పెట్టుకోమంది. గడప మీద ఒకటి, నీళ్లకుండ దగ్గర ఒకటి, నులకమంచం మీద ఒకటి, పొయ్యి దగ్గర ఒకటి, ఇలా కీర్తన అయిపోయేదాకా. కళ్లు మూసుకుని ఇల్లంతా తిరుగుతూ ఒక్కొక్కటే తీసి చెప్పాలి. తనకూ చిన్నప్పుడు పాదిరిగారి భార్య ఇలాగే నేర్పిందట.

చిక్కేమిటంటే ఆ చోట్లన్నీ అమ్మవి. గడప మీద కూర్చోబెట్టుకుని నాకు జడ వేసేది. ఆ నులకమంచం మీదే ఆఖరి రోజులు పడుకుంది. పొయ్యి ఊదుతున్నప్పుడు నేను దగ్గరికి వెళితే, పొగ కళ్లల్లో పడుద్ది, అవతలికి పోవే అనేది. కళ్లు మూసుకుని ఇంట్లోకి వెళ్లానంటే ముందు కనపడేది ఆమే. చెప్పొద్దూ, కీర్తన సంగతి ఎలా ఉన్నా అలా వెళ్లి రావడం నాకు మహా ఇష్టంగా ఉండేది.

ఒక సాయంత్రం అత్త కల్లంలో మిరపకాయలు ఏరి వచ్చి, చేతులైనా కడుక్కోకుండా నా ముందు కూర్చుంది. గడప, కుండ, మంచం బాగానే సాగాయి. పొయ్యి దగ్గరికి వచ్చేసరికి వాక్యానికి బదులు, "పొగ కళ్లల్లో పడుద్ది, అవతలికి పోవే" అన్నాను. ఆ మాట ఎవరిదో అత్తకు తెలుసు. చూపుడువేలు నా కంటి కింద రాసింది. మిరప ఘాటు ఎరిగినవాళ్లకు ఆ మంట వేరే చెప్పనక్కర్లేదు.

"పొయ్యి కాడ ఎవరున్నారే?" అని అడిగింది.

"అమ్మ."

రెండో కంటి కింద కూడా రాసింది. "మీ అమ్మ లేదు. అక్కడుంది వాక్యం. మీ అమ్మ ఇంక నీకు కూడు పెట్టదు, అది పెడుద్ది. ఇప్పుడు చెప్పు, ఎవరున్నారు?"

"వాక్యం" అన్నాను.

ఆ తర్వాత ఆమెకు వేళాపాళా లేకుండా పోయింది. అన్నం తింటుంటే అడిగేది, బోరింగు దగ్గర నీళ్లు కొడుతుంటే అడిగేది. సరిగ్గా నేను మరిచిపోబోయే వేళ ఆమెకెలా తెలిసేదో గానీ, అప్పుడే అడిగేది. గడప మీద ఎవరు, మంచం మీద ఎవరు. అమ్మ అన్నానంటే మళ్లీ ఆ మిరప వేలే. మంటకు కారే నీళ్లలోనే అమ్మ కోసం కూడా ఏడ్చేసేదాన్ని. కొన్నాళ్లకు ఆ ఏడుపూ రాలేదు. హాస్టలు అమ్మగారి ముందు గడగడా అప్పజెప్పాను, సీటు వచ్చింది. అత్త మెచ్చుకోలేదు. నా ట్రంకుపెట్టె నెత్తిన పెట్టుకుని బస్సు దాకా ముందు నడిచింది.

ఆ చదువే నన్ను టీచర్ని చేసింది. అంతా మీ అత్త చలవే అంటారు మా వాళ్లు. అననీ. అత్త మంచాన పడ్డప్పుడు, అమ్మ ఎలా ఉండేదని ఒకసారి అడిగాను. మా ఇంట్లో ఫోటో అన్నది లేదు. "నాకేం గుర్తే? ఆ కీర్తన చెప్పు" అంది. చెప్పాను.

ఇప్పుడు నా మనవరాలు గుంటూరులో డాక్టరు సీటు కోసం కోచింగు తీసుకుంటోంది. అక్కడ జ్ఞాపకశక్తికి వేరే క్లాసు. ఫోనులో ఒక మేడ కనపడుతుంది, దాని గదుల్లో ఎముకల పేర్లూ నరాల పేర్లూ పెట్టుకుంటారు. మరిచిపోయే వేళకు ఫోనే గంట కొట్టి మళ్లీ అడుగుతుంది. ఇది సరికొత్త పద్ధతి అంటుంది పిల్ల. నాకు నవ్వూ వచ్చింది, ఒళ్లూ మండింది. మేడకు రంగులు వేశారు గానీ నడిచే దారి మా అత్తదే, గంట కొట్టేదీ ఆమే. తేడా అంటూ ఉంటే ఒక్కటే. ఆ మేడలో ఎవరూ కాపురం లేరు, కాబట్టి ఎవరినీ లేపి ఖాళీ చేయించే పని లేదు. ఆ తేడా మాత్రం మంచిదే అనుకున్నాను.

మొన్న అదీ పోయింది. ఫోనులోని మేడ మనసులో నిలవడం లేదట. బాగా తెలిసిన ఇల్లయితే ఎప్పటికీ పోదని వాళ్ల సారు చెప్పారట. అందుకని మా ఇల్లే ఎంచుకుంది. వరండాలో నా కుర్చీ దగ్గర మొదలట. అక్కడ మాత్రం పెట్టకే అన్నాను.

"పెట్టేశాను అమ్మమ్మా. నువ్వెప్పుడూ అక్కడే ఉంటావుగా, ఇంక అస్సలు మర్చిపోను" అంది ముద్దుగా. దేన్ని అని నేను అడగలేదు.

నా కీర్తన ఈనాటికీ ఒక్క అక్షరం చెడకుండా నా దగ్గరే ఉంది. ఇప్పటికీ కళ్లు మూసుకుని ఆ ఇంట్లోకి వెళుతుంటాను. గడప ఉంటుంది, కుండ ఉంటుంది, మంచం ఉంటుంది, పొయ్యి మండుతూనే ఉంటుంది. ప్రతి చోటా ఒక వాక్యం ఎదురొచ్చి నన్ను పలకరిస్తుంది. నేను వచ్చింది మా అమ్మను చూడడానికని చెప్పుకుందామంటే, వినేవాళ్లు ఆ ఇంట్లో ఎవరూ లేరు.